రోజుకో లైను

లోలాక్షి అరవై ఆరేళ్ల జీవితంలో తన పేరు మీద వచ్చిన మొదటి కాగితం అది. శుభలేఖల మీద మొగుడి పేరుండేది. రేషను కార్డు మీద మొగుడి పేరే ముందుండేది. ఆయన పోయి తొమ్మిదేళ్లయినా, కరెంటు బిల్లు ఇప్పటికీ కర్రి పోలయ్య గారి పేరు మీదనే వస్తోంది. ఇన్నాళ్లకు పింఛను ఆఫీసు బంట్రోతు సింహాద్రి సైకిలు దిగి, “కర్రి లోలాక్షి అంటే నువ్వేనా అమ్మా?” అని అడిగాడు. అడిగి, నోటీసు చేతికిచ్చి, రెండో ప్రతి మీద వేలిముద్ర కోసం సిరాపెట్టె తెరిచాడు.

“మూసీ బాబూ ఆ పెట్టి. నాను సంతకం సేస్తాను,” అంది లోలాక్షి.

చేసింది. ‘క్షి’ దగ్గర ఆగి, ఊపిరి తీసుకుని, కాగితం చిరగకుండా చేసింది. కాగితంలో ఏముందో చూడలేదు. సంతకం చేసేటప్పుడు చూపంతా సంతకం మీదే ఉండాలి కదా.

“మా గుమస్తా రాత కన్నా నీ రాతే నయం,” అన్నాడు సింహాద్రి. ఆ ఒక్క మాటకు లోలాక్షి అతనికి గ్లాసుడు మజ్జిగ ఇచ్చింది. అతను ఆ మజ్జిగ తాగుతుండగానే ఆవిడ అప్పీలు గడువు మొదలైపోయింది. ఆ సంగతి కాగితానికి తెలుసు. లోలాక్షికి తెలియడానికి ముప్పై నాలుగు రోజులు పట్టింది.

ఆవిడ చదువు కథ కొంచెం చెప్పాలి. లోలాక్షి పదమూడో ఏట నుంచి జీడి బట్టీలో పిక్కలు కొట్టింది. జీడి నూనె తగిలీ తగిలీ వేళ్ల మీద గీతలన్నీ మాసిపోయి, బొటనవేలు సబ్బుబిళ్లలా నున్నబడింది. పోలయ్య పోయాక ఎక్కడికి వెళ్లినా వేలు పెట్టమనేవారు. పెడితే కాగితం మీద నల్లటి మరక పడేది గానీ ముద్ర పడేది కాదు. “ముద్ర లేకపోతే సంతకమైనా ఉండాలి” అన్నారు. అప్పుడే వీధి చివర ‘అక్షర వెన్నెల’ కేంద్రం తెరిచారు. అరవయ్యో ఏట లోలాక్షి పలక కొనుక్కుంది.

కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు, ఇక ఆవిడ కంట ఏ అక్షరం పడినా వదల్లేదు. బస్సు వెనక ఉన్నది చదివేలోగా బస్సు వెళ్లిపోయేది. వెళ్లిపోతే మిగతాది రేపు వచ్చే బస్సు మీద చదివేది. కేంద్రంలో మాస్టారు ఒక నియమం పెట్టారు. రోజుకు ఒకటే లైను. ఆ లైను చదవాలి, పదిసార్లు రాయాలి, మర్నాడు అప్పజెప్పాలి. అది రాకుండా తరవాతి లైనులోకి తొంగి చూడకూడదు. క్లాసులో అందరూ ఆ నియమం నాలుగు రోజుల్లో మరిచిపోయారు. లోలాక్షికి మాత్రం అది పట్టుబడింది. ఆ కేంద్రం మూతపడి నాలుగేళ్లయినా పట్టు వదల్లేదు.

అందుకని నోటీసు వచ్చిన రోజు ఆవిడ స్నానం చేసి, కళ్లద్దాలు తుడుచుకుని, మొదటి లైను చదివింది.

‘విషయము: శ్రీమతి కర్రి లోలాక్షి గారికి వృద్ధాప్య పింఛను మంజూరు’

అక్కడితో లైను అయిపోయింది. పదిసార్లు రాసింది. రాసేకొద్దీ ఇంకా బాగుంది. కొబ్బరికాయ కొట్టి, లౌజు చేసి, వీధిలో ఏడిళ్లకు పంచింది. పక్కింటి దమయంతి మురీలు, అదే మరమరాలు, వేయించి అమ్ముకుంటుంది. ఇద్దరూ ఒకే రోజు పింఛనుకు అర్జీ పెట్టారు. అక్షరం ముక్క రాని దమయంతికి రెండు నెలల కిందటే మంజూరైంది.

“నువ్వు ఏలుముద్ర యేసి తెచ్చుకున్నావు వదినా, నాను సదువుకొని తెచ్చుకున్నాను,” అంది లోలాక్షి, లౌజు ముక్క చేతిలో పెడుతూ.

మర్నాడు రెండో లైను చదివింది.

‘చేయుట సాధ్యము కాదని తెలియజేయుట గురించి.’

లోలాక్షి ఆ లైను కూడా పదిసార్లు రాసింది. నియమం నియమమే. రాశాక కాగితం మడిచి బియ్యం డబ్బాలో పెట్టింది. ఎవరికైనా చూపిస్తే మిగతా ముప్పై రెండు లైన్లు రెండు నిమిషాల్లో చదివి చెప్పేవారే. కానీ చూపించడం ఎలా? ఏడిళ్ల వాళ్ల నోట్లో ఇంకా లౌజు తీపి ఆరలేదు. పైగా పాఠాల్లో కథలన్నీ మొదట్లో కష్టంగా ఉండి చివర మంచిగానే ముగిసేవి. ఇదీ అంతేనేమో, చివర్లో ఏదో మంచి మాట ఉంటుందని ఓపిక పట్టింది.

పదకొండో రోజుకు కారణం తెలిసింది. సదరు అర్జీదారు వయస్సు నలభై ఒక్క సంవత్సరములు మాత్రమే అయి ఉన్నదట. ఇరవయ్యో రోజుకు ఆ వయసు ఎక్కడ దొరికిందో తెలిసింది. అక్షర వెన్నెల రిజిస్టరులో ఆరేళ్ల కిందట ఆవిడ వయసు ముప్పై అయిదు. ఆ పథకం పదిహేను నుంచి ముప్పై అయిదేళ్ల లోపు వారికి. కేంద్రానికి వచ్చిన వాళ్లలో పదకొండు మంది ముసలమ్మలు. లెక్క తప్పకూడదని, పదకొండు మందికీ ఒకే సాయంత్రం ముప్పై అయిదేళ్లు రాసేశారు. ఆ గళ్ల పక్కన లోలాక్షి తన బతుకులో మొదటి సంతకం చేసింది. అప్పటికి ఆవిడకు తన పేరులోని అక్షరాలు తప్ప వేరే అక్షరాలు రావు.

ముప్పై నాలుగో రోజు చివరి లైను వచ్చింది. చిన్న అక్షరాల్లో ఉంది.

‘ఈ ఉత్తర్వు అందిన ముప్పై దినములలోగా అప్పీలు చేసుకొనవచ్చును.’

చివర్లో మంచి మాట ఉంటుందని ఆవిడ అనుకున్నది నిజమే. కాకపోతే ఆ మంచి మాట నాలుగు రోజుల కిందటే అయిపోయింది.

ఇక దమయంతికి చెప్పక తప్పలేదు. దమయంతి మూకుడు దించి, సాంతం విని, గరిటె పక్కన పెట్టింది.

“సదవేస్తే ఉన్న మతి పోయినాదంట! వొలమ్మా, నాకు కాగితమొస్తే సందు మొగలో ఎవుడు కనబడితే ఆడిచేత సదివించీసి, పొద్దు గూకకముందే ఆపీసుకెళ్లిపోయుందును. నీకు సదువొచ్చినాది కాబట్టి నెల రోజులు గుడ్డిదానివైపోనావు.”

చివరి లైను చదివిన దగ్గర్నుంచి లోలాక్షి తన్ను తాను అంటున్నది ఆ మాటే. బట్టీలో ఇప్పుడు ఆవిడ చేతుల్ని పెట్టుకోరు, వేళ్లు వంగవు. పింఛను రాకపోతే కూతురు తులసమ్మ ఇంటికి వెళ్లాలి. తులసమ్మ మంచిదే. అల్లుడూ చెడ్డవాడు కాదు, కానీ అత్తగారు అన్నం కలుపుకుంటుంటే కంచం వైపు చూస్తాడు. ఊరికే చూస్తాడు, ఏమీ అనడు. ఆ చూపు లేకుండా తన పొయ్యి మీద తన గంజి కాచుకోవాలంటే పింఛను ఒక్కటే దారి.

మర్నాడు పింఛను ఆఫీసుకు వెళ్లింది. సూపరింటెండెంటు విశ్వంభరం గారు తలెత్తకుండానే కాగితం చూశారు.

“అమ్మా, తమరి అప్పీలు కాలాతీతము. కాలాతీతమైన అప్పీలును స్వీకరించు అధికారము మాకు లేదు. తిరస్కరించు అధికారము మాత్రమే కలదు.”

“నాకు అరవై ఆరేళ్లు బాబూ. ఆధార్ కార్డు సూడండి.”

“ఆధార్ కార్డులో వయసున్నది గానీ తమరి సంతకము లేదు. రిజిస్టరులో సంతకమున్నది. ఆ పేజీ కింద ఏమని అచ్చువేసి ఉన్నదో తెలుసునా? ‘పై వివరములు చదువుకొని, నిజమని ఒప్పుకొని సంతకము చేసితిని.’ తమరే ఒప్పుకున్నాక కార్డు మాట మేము వినము.”

“నాతోపాటు ఇంకో పది మందికి ముప్పై అయిదే రాసినారు. ఆలందరికీ పింఛనొస్తన్నాది కదా?”

“వారు సంతకము మరచిపోయి వేలిముద్రకు తిరిగి వచ్చినారు. కనుక వారికి చదువు వచ్చినట్లు కాదు. చదువు రానివారికి ఆ రిజిస్టరు వర్తించదు.”

“నా కూతురికి నలభై ఎనిమిదేళ్లు. నాకు నలభై ఒకటైతే అది నాకన్నా ముందు పుట్టినాదేటి?”

“కూతురి వయసు సంగతి కూతురు అర్జీ పెట్టినప్పుడు పరిశీలిస్తాము,” అన్నారు విశ్వంభరం గారు, న్యాయంగా.

సింహాద్రి వంగి ఆయన చెవిలో ఏదో చెప్పాడు. విశ్వంభరం గారు సొరుగులోంచి ‘జాప్య మన్నింపు’ ఫారం తీశారు. ఆలస్యానికి కారణం దగ్గర మూడు గళ్లు మాత్రమే ఉన్నాయి. జబ్బు, వరద, అర్జీదారు మరణం. ఈ మూడింటిలో ఏదని అడిగారు.

“ఏదీ కాదు బాబూ. సదువుతన్నాను.”

విశ్వంభరం గారు మొదటిసారి తలెత్తారు. ఇరవై ఏడేళ్ల సర్వీసులో ఆయనకు ఇటువంటి కారణం తగల్లేదు. కళ్లు మెరిశాయి. నిబంధనల పుస్తకం తెరిచారు, మూశారు, మళ్లీ తెరిచారు.

“సూక్ష్మమైన సమస్య. వేలిముద్రదారునికి ఎవరైనా చదివి వినిపించిన క్షణమున ఉత్తర్వు అందినట్లు. సంతకదారునికి సంతకము చేసిన క్షణముననే అందినట్లు. అయితే తమరు సంతకము వచ్చి, చదువు నెమ్మదిగా వచ్చువారు. ఈ మధ్య వర్గము మా నిబంధనలలో లేదు. కావున తమరు ఈ నోటీసును చదువుటకు న్యాయముగా ఎంత కాలము పట్టునో, అంత కాలమును గడువు నుండి మినహాయింపవచ్చును. అందులకు పఠన వేగ ధ్రువపత్రము కావలెను.”

“అదెవులిస్తారు?”

“ఇంతవరకు ఎవరూ ఇవ్వలేదు. హైస్కూలు హెడ్మాస్టరు గారిచే ఇప్పించెదము.”

పరీక్ష పది రోజులకు పెట్టారు. ఆ పది రోజులూ దమయంతి మురీలు వేయిస్తూ లోలాక్షికి చదవకపోవడం నేర్పింది. ఈ విద్యలో దమయంతిని మించిన గురువు వీధిలో లేరు.

“అచ్చరం అచ్చరం దగ్గిరా ఆగు. ఒక్కో అచ్చరానికీ కప్పు వైపు సూడు. నోరు కొంచెం తెరు. ఆఁ, అలాగ. అద్దాలు మరిసిపోయినానను.”

“అద్దాలు మెడలో యేలాడతంటే ఎలా అంటాను వదినా?”

“పింఛను కావాలా, అద్దాలు కావాలా?”

పింఛనే కావాలి. అద్దాలు ఇంట్లో పెట్టి వెళ్లింది.

హైస్కూల్లో పరీక్షకు ఆటల పోటీల స్టాప్‌వాచి తెచ్చారు. హెడ్మాస్టరు ధర్మారావు గారు కుర్చీలో, విశ్వంభరం గారు ‘ప్రత్యక్ష పరిశీలకులు’గా ఆయన పక్కన, ఫైలు పట్టుకుని సింహాద్రి వెనక. ఏ కాగితం చదివించాలన్నది పెద్ద చర్చ అయింది. పాఠ్యపుస్తకం వద్దు, వివాదాస్పద పత్రమునే చదివించవలెనని విశ్వంభరం గారు తేల్చారు. నోటీసు లోలాక్షి చేతిలో పెట్టారు. స్టాప్‌వాచి నొక్కారు.

“వి… వి… ష…” అంది లోలాక్షి. కప్పు వైపు చూసింది. నోరు తెరిచింది. “వి…”

ఒక నిమిషం గడిచింది. ‘విషయము’ పూర్తి కాలేదు. అంతా దమయంతి చెప్పినట్టే నడుస్తోంది. ధర్మారావు గారికి జాలేసింది. నిజంగా మంచి మనిషి.

“పాపం, ఎందుకండీ ఈవిడను కష్టపెట్టడం! ఈవిడకు చదువు రాదు. ఎవరో సంతకం బొమ్మ గీయడం నేర్పారు, అంతే. నిరక్షరాస్యురాలని రాసేస్తాను. ఆవిడకూ మేలే కదా?”

“మేలే,” అన్నారు విశ్వంభరం గారు. “నిరక్షరాస్యురాలైతే సంతకము సంతకమే కాదు. నోటీసు ఇంకా అందనట్లే. రిజిస్టరు చెల్లదు. వయసు అరవై ఆరు. పింఛను వచ్చును.”

వెనక నుంచి సింహాద్రి ఊరుకోమ్మా అన్నట్టు కళ్లతో సైగ చేశాడు. ధర్మారావు గారు కలం తీసి ‘ని’ అని రాశారు, ‘ర’ రాశారు. లోలాక్షి ఆ అక్షరాలను, అద్దాలు లేకపోయినా, తలకిందులుగానే చదివింది.

అరవయ్యో ఏట పలక కొన్న రోజు గుర్తొచ్చిందని గానీ, పోలయ్య గుర్తొచ్చాడని గానీ చెబితే బాగుండును. అదేమీ లేదు. ఒంటికి కారం రాసినట్టయింది, అంతే. పొయ్యి ఉంది, గంజి ఉంది, అల్లుడి చూపు ఉంది, అన్నీ తెలుసు. నోరు మాత్రం ఆవిడ మాట వినలేదు.

“విషయము శ్రీమతి కర్రి లోలాక్షి గారికి వృద్ధాప్య పింఛను మంజూరు చేయుట సాధ్యము కాదని…” అంటూ ఎత్తుకుంది. ధర్మారావు గారు స్టాప్‌వాచి మళ్లీ సున్న నుంచి నొక్కారు. కాగితం చూడలేదు. ఒక్కో లైను పదిసార్లు రాసి, ముప్పై నాలుగు రోజులు చదివిన పాఠం. ‘సదరు’ల మీదుగా, ‘పైన ఉదహరించిన’ల మీదుగా, ఆఫీసరు గారి హోదా, ఫైలు నంబరు, తేదీతో సహా, ఊపిరి రెండుసార్లు మాత్రమే తీసుకుని, ముప్పై దినములలోగా అప్పీలు చేసుకొనవచ్చును దగ్గర ఆగింది.

ఒక నిమిషం యాభై సెకన్లు.

ధర్మారావు గారు ‘నిర’ కొట్టేశారు. ‘పఠన వేగము: అత్యుత్తమము’ అని రాసి, ముద్ర వేసి, లేచి నిలబడి ఇచ్చారు. ఆ వేగంతో చదివేవాళ్లు తన బడిలో కూడా లేరని ఆయన మనస్ఫూర్తిగా అన్నారు.

“తమరికి మినహాయింపవలసిన కాలము ఒక నిమిషము యాభై సెకన్లు,” అన్నారు విశ్వంభరం గారు. “నాలుగు రోజుల జాప్యములో అది తీసివేయగా ఇంకను చాలా మిగులుచున్నది.”

ఇంటికి రాగానే దమయంతి అడిగింది, “ఏటయినాది?”

“ఫస్టు వచ్చినాను,” అంది లోలాక్షి.

దమయంతి విసురుగా మూకుడు దగ్గరికి వెళ్లిపోయింది. రాత్రి మాత్రం గిన్నెడు గంజి తెచ్చి గుమ్మం ముందు గట్టు మీద పెట్టి వెళ్లింది.

మార్చి నెల రెండో వారంలో సింహాద్రి మళ్లీ సైకిలు దిగాడు. అప్పీలు తిరస్కరించిన ఉత్తర్వు. అరవయ్యేళ్లు నిండిన పిమ్మట, అనగా పందొమ్మిది సంవత్సరముల తరువాత, తిరిగి అర్జీ పెట్టుకొనవచ్చునని కూడా దయతో రాశారు. సింహాద్రి నాలుక కరుచుకుంటూనే కలం చేతికిచ్చాడు.

“సంతకం సెయ్యమ్మా.”

లోలాక్షి కలం తీసుకోలేదు. కాగితం తీసుకుని, మెడలో వేలాడే అద్దాలు కళ్లకు పెట్టుకుంది. ఈసారి చూపు సంతకం చోటికి వెళ్లలేదు.

“ముందు సదవనీ బాబూ.”

“సంతకం సేసీసి తీరిగ్గా సదువుకోమ్మా.”

“రెండుసార్లు అలాగే సేసినాను. ఒకసారి పాతికేళ్లు పోనాయి, ఒకసారి ముప్పై రోజులు పోనాయి. కూకో.”

మొదటి లైను చదివింది. పలక తెచ్చి పదిసార్లు రాసింది. “ఇయాల్టికి అయింది. రేపు రా,” అంది.

సంతకం పడనిదే కాగితం ఇవ్వకూడదు కనుక సింహాద్రి దాన్ని పట్టుకుని వెళ్లాడు. మర్నాడు తెచ్చాడు. రెండో లైను. ఆ మర్నాడు మూడో లైను. దమయంతి ఇచ్చే మురీలు అతనికి అలవాటయ్యాయి. ఆఫీసులో విశ్వంభరం గారు చిరాకు పడ్డారు.

“తీసుకొనుటకు నిరాకరించినదని రాయుము.”

“నిరాకరించలేదు సార్. సదువుతున్నాది.”

“తలుపునకు అతికించి రమ్ము.”

“మనిషి ఇంట్లో లేకపోతేనే అతికించాలి కద సార్. ఆవిడ గట్టు మీదే ఉంటున్నాది, అద్దాలెట్టుకొని.”

“అత్యుత్తమమని ధ్రువపత్రము ఉన్నది కదా!”

“అదీ అడిగాను సార్. అది పాత పాఠమంట. ఇది కొత్తదంట.”

విశ్వంభరం గారు నిబంధనల పుస్తకం మొదటి నుంచీ చివరి వరకూ తిరగేశారు. ఇచ్చిన కాగితాన్ని సంతకం చేసే ముందు చదవకూడదని ఎక్కడా లేదు. ఇంతవరకు ఎవరూ చదవలేదు కనుక ఎవరికీ ఆ నిబంధన అవసరం పడలేదు. మార్చి ముప్పై ఒకటి సాయంత్రం అయిదు గంటలకు ఆ ఆఫీసు ‘పెండింగు: సున్న’ అని పైకి పంపాలి. ఇరవై ఏడేళ్లుగా విశ్వంభరం గారు సున్న పంపుతున్నారు. ఉత్తర్వు అందినట్టు సంతకం లేనిదే ఫైలు ముగియదు కనుక ఈ ఏడాది ఒకటి మిగిలింది, అది గట్టు మీద కూర్చుని పలక మీద రాస్తోంది.

ముప్పై ఒకటో తారీకున నాలుగున్నరకు ఆయనే స్వయంగా వచ్చారు, సింహాద్రి సైకిలు వెనక కూర్చుని. చేతిలో కొత్త ఫారం. వయసు నమోదులో గుమస్తా పొరపాటును సవరించు ఫారం. అది ఆయన బీరువాలో మొదటి నుంచీ ఉంది.

“అమ్మా, ఇందులో తమరి వయసు అరవై ఆరని సవరించితిమి. ఇక్కడ ఒక్క సంతకము చేసినచో పింఛను మంజూరు, ఫైలు ముగింపు. అయిదు గంటల లోపు పూర్తి కావలెను.”

లోలాక్షి ఫారం అందుకుంది. ఒకసారి దెబ్బ తిన్నది కనుక ఈసారి చివరి లైను నుంచి మొదలుపెట్టింది. చివరి లైను ఇలా ఉంది:

‘పై వివరములు పూర్తిగా చదువుకొని, నిజమని ఒప్పుకొని సంతకము చేసితిని.’

“పూర్తిగా సదువుకొని అని రాసున్నాది బాబూ,” అంది. “అబద్ధం సంతకం సెయ్యకూడదు కదా. కూకోండి.”

పన్నెండు లైన్లు. ఈ ఒక్కసారికి రోజుకో లైను నియమం పక్కన పెట్టింది. విశ్వంభరం గారు గట్టు మీద కూర్చున్నారు. దమయంతి ఆయన చేతిలో మురీల పొట్లం పెట్టింది. లోలాక్షి వేలు మొదటి లైను మీద పెట్టి నడిపించింది. ఆయన మురీలు తినలేదు, గడియారం చూసుకున్నారు. అయిదో లైనులో ఆయన చెమట తుడుచుకున్నారు. తొమ్మిదో లైనులో, “అమ్మా, తమరు అత్యుత్తములు,” అని బతిమాలారు. లోలాక్షి వేలు ఆగలేదు, పరుగెత్తలేదు.

అయిదుకు మూడు నిమిషాలుండగా సంతకం పడింది. ‘క్షి’ దగ్గర కాస్త ఆలస్యమైంది. సింహాద్రి సైకిలు ఎంత వేగంగా వెళ్లిందంటే, వెనక విశ్వంభరం గారి కండువా జెండాలా లేచింది.

“ఏటి రాసుంది వదినా అందులో? అంతసేపు సదివినావు?” అంది దమయంతి, గట్టు మీద ఒలికిన మురీలు ఏరుతూ.

లోలాక్షి అద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది.

“ఏటుందీ! పొద్దున్న లేచినప్పుడు నాకు నలభై ఒకటి. ఇప్పుడు అరవై ఆరు. ఒక్క సంతకంతో పాతికేళ్ల ముసలితనం తెచ్చుకున్నాను. దానికోసం ఇంత సదువు సదివినాను సూడు!”